ప్రతికృతికి ప్రతి: స్వీయరూపచిత్రమును చూచి చిత్రకళ నభ్యసించుట

ఢిల్లీ నగరమున ఇండియా గేటునకు చేరువనున్న జయపుర భవనమునందు 1954 మార్చి 29వ తేదీన ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు జాతీయ ఆధునిక కళాప్రదర్శనశాలను ప్రారంభించిరి. ఆ శాలకు తొలినుండియు మూలధనమువంటివి అమృతా షేర్‌గిల్ చిత్రములు. ఆమె 1913లో బుడాపెస్టులో జన్మించి 1941లో లాహోరున ఇరువదియెనిమిదవ యేట మరణించినది. ఆ స్వల్పజీవితమున, పారిస్ నగరమున చదువుకొన్న యేండ్లలో, ఆమె తన రూపమును తానే పలుమారులు తైలవర్ణములతో చిత్రించినది. కొన్నింట నవ్వు కలదు. కొన్నింట చింత కలదు. అన్నింటను సమానముగా నున్నది ఎదుటి ముఖమును పరీక్షించి చూచు చూపు. మనుష్యరూపమును చిత్రించుట నేర్వగోరు విద్యార్థి ఇట్టి చిత్రము నొకదానిని ఎదుట నుంచుకొని మరల చిత్రించినచో అతని కబ్బునది యేమి? ఆమె ముఖమా, ఆమె చేతివాటమా, లేక ఆ రెంటికంటె వేరైన దేదైనను కలదా? ఈ వ్యాసమునకు విషయ మిదియే.

మొదట మాటలనుగూర్చి కొంత చెప్పవలసియున్నది. ఒక వ్యక్తిని పోలిన చిత్రమునకు సంస్కృతమున ప్రతికృతి యని పేరు. తెలుగున నేడు రూపచిత్రమనియు వ్యక్తిచిత్రమనియు వ్యవహరింతురు. తన్ను తానే చిత్రించుకొన్నచో నది స్వీయరూపచిత్రము. ఇంతవరకు చిక్కు లేదు. ఒక చిత్రమును చూచి వేసిన మరియొక చిత్రమునకు మాత్రము మనకు కుదురైన మాట లేదు. నకలు అన్నచో కచేరీ కాగితము స్ఫురించును. అనుకరణము అన్నచో నాట్యశాస్త్రము అడ్డువచ్చును. నటుడు చేయు పని యను అర్థమే అందు బలీయము. తాళపత్రగ్రంథములతో పరిచయముగలవారు వాడుకొను ప్రతి అను మాటయే ఇచట అన్నింటికంటె పొసగును. ప్రతి మూలము కాదు. మూలమును చూచి వ్రాసినది. మూలము నశించినచోట దానికి సాక్ష్య మిచ్చునది. కావున నీ వ్యాసమున మూలమును చూచి వేసిన చిత్రము ప్రతి, వేసినవాడు ప్రతికర్త. ఈ పోలిక కేవలము పేరునకు సంబంధించినది కాదని ముందు తెలియగలదు.

స్వీయరూపచిత్రమునకు మూలము అద్దము. పశ్చిమచాళుక్య ప్రభువైన మూడవ సోమేశ్వరుని పేర 12వ శతాబ్దమున వెలసిన మానసోల్లాసము, అద్దమునందలి ప్రతిబింబమువలె పోలిక తోచు చిత్రమునకు విద్ధచిత్రమని పేరు పెట్టినది. అచట అద్దము ఉపమానము మాత్రమే. స్వీయరూపచిత్రమున నది పనిముట్టు. పనిముట్టు కనుక దానికి కొన్ని నియమములును గలవు. అద్దము ముందు నిలిచి, ఒక కన్ను మూసి, అద్దముపై కనబడు తన ముఖము చుట్టు సబ్బుముక్కతో గీత గీచి కొలిచినచో, ఆ గీత లోపలి ముఖము నిజమైన ముఖమున సగమే యుండును. ఎంత దూరము వెనుకకు జరిగినను ఆ సగము సగముగనే యుండును. ప్రతిబింబము అద్దమునకు వెనుక, మనము ముందున్నంత దూరమున నున్నట్లు తోచుటయే దీనికి కారణము. అద్దముమీద కొలిచి చిత్రించువాడు తన ముఖమును సగము పరిమాణమున వేసికొనును. నిలువెత్తు పరిమాణమున వేయదలచినవాడు ప్రతి కొలతను ఇబ్బడింపవలెను.

కుడియెడమల తారుమారు రెండవది. ఎదుట కూర్చుండిన స్త్రీని చిత్రించునపుడు ఆమె యెడమభుజముమీది పైట చూచువానికి కుడివైపున నుండును. అదే స్త్రీ అద్దమున చూచికొనుచు తన్ను చిత్రించుకొన్నచో పైట చూచువానికి ఎడమవైపున పడును. చిత్రములోని స్త్రీ కుడిభుజమున పైట వేసికొన్నట్లు కనబడును. కుంచె పట్టిన చేయియు నిట్లే మారును. కొందరు చిత్రకారులు దీనిని సవరింతురు, కొందరు విడిచిపెట్టుదురు. ప్రతికర్త చిత్రమును చదువుటకు పూనుకొన్నపుడు మొట్టమొదట చూడవలసినది ఈ సవరణ కలదా లేదా యని.

ఈ రెంటికంటె ముఖ్యమైన మరియొక సంగతి కలదు. ఇతరుల రూపచిత్రమును చూచునపుడు చిత్రకారుడు ఎచట నిలిచెనో, కూర్చున్నవానికిని అతనికిని నడుమ ఏమి నడిచినదో మనము ఊహింపవలసినదే. స్వీయరూపచిత్రమున నట్టి మరుగు తక్కువ. ప్రతికర్త ఇప్పుడు నిలిచియున్న తావు, ఆనాడు చిత్రకర్త అద్దమునకు ముందు నిలిచిన తావే. అద్దమున్న చోట చిత్రము వచ్చినది, అంతే భేదము. చిత్రములోని కన్నులు ప్రేక్షకుని చూచుచున్నవని సామాన్యముగా ననుకొందురు. అవి చూచుచున్నది పనిని. ముక్కుకొనకును పెదవికిని నడుమ ఎంత యెడమున్నదో, చెక్కిలిమీది వెలుగు ఎచట తెగుచున్నదో వెదకుచున్న చూపు అది. ఆ చూపును మరల చిత్రించుటకు ప్రతికర్త తానును అట్లే చూడక తప్పదు. స్వీయరూపచిత్రపు ప్రతి నేర్పునది ముఖమును కాదు, చూచు పనిని. ఇతర చిత్రముల ప్రతులకును దీనికిని గల భేద మిదియే.

అభ్యాసమునకు ఈ మార్గ మేల కావలసివచ్చినదో చరిత్ర చెప్పగలదు. మనుష్యరూపమును నేర్చుటకు గురువు కావలెను. కదలక కూర్చుండు మనిషి కావలెను. ఈ రెండును అందరికి దొరకినవి కావు. తిరువాన్కూరు ఆస్థానమున తైలవర్ణచిత్రణము తెలిసిన మధుర రామస్వామి నాయకర్, బాలుడైన రవివర్మకు ఆ విద్యను చెప్ప నిరాకరించెనని రవివర్మ చరిత్రకారులు చెప్పుదురు. ఆ నాయకరు శిష్యుడైన ఆర్ముగంపిళ్ళ గురువెరుగకుండ కొంత నేర్పెను. 1868లో వచ్చిన పాశ్చాత్య చిత్రకారుడు థియోడర్ జెన్సన్ సైతము తాను పనిచేయునపుడు చూచుటకు మాత్రమే అనుమతించెను. రవివర్మకు ఆ కాలమున దొరకినది చూపు ఒక్కటే. గురువు తలుపు మూసినను గురువు చేసిన చిత్రము గోడమీద నుండును. దాని నడిగి తెలిసికొనుట యెవ్వరును ఆపజాలరు. ప్రతిరచన ఇట్లు గురువులేనివాని గురుకులమైనది.

కూర్చుండు మనిషి సంగతి ఇంతకంటె కఠినము. పారిస్ నగరపు లలితకళాపాఠశాల స్త్రీలకు ప్రవేశ మిచ్చినది 1897లోనే. అంతకుపూర్వము దిగంబరరూపమును చూచి అభ్యసించుట స్త్రీలకు ఆ పాఠశాలలో లేనిమాట. 1929లో పారిస్ చేరి, మొదట గ్రాండ్ షోమియేరున, పిదప ఆ పాఠశాలలోనే లూసియన్ సీమోన్ కడ చదివిన అమృతకు ఈ తలుపు తెరచియున్నది. 1932లో చిత్రించిన యువతుల చిత్రమునకు మరుసటి సంవత్సరము అచటి ప్రదర్శనమున స్వర్ణపతకము లభించినది. ఆ చిత్రము నేడు జయపుర భవనమునందే కలదు. మన దేశమున బొంబాయి జె.జె. కళాశాలయందు సజీవరూపమును చూచి గీయు తరగతి 1919లో బాధ్యత స్వీకరించిన గ్లాడ్‌స్టన్ సాలమన్ కాలమున స్థిరపడినది. రాజమహేంద్రవరమునుండి ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహముతో అచటికి వెళ్ళి చదివిన దామెర్ల రామారావు కాలము దీనికి సమీపముననే యున్నది. ఆయన తిరిగివచ్చి 1923లో తన యూర నొక చిత్రకళాశాలను నెలకొల్పి, 1925లో ఇరువదియేడేండ్లకే మసూచికి లోనై మరణించుటచే, సజీవరూపాభ్యాసము గోదావరి తీరమున వేరూనుటకు తగిన వ్యవధి చిక్కలేదు. గురువును, కూర్చుండు మనిషియు లేనిచోట విద్యార్థికి మిగులునవి రెండు: తన ముఖము కనబడు అద్దము, ఇతరులు తమ ముఖములను చూచికొనుచు వేసిన చిత్రములు.

ఐనను ప్రతిరచనకు మన దేశమున మంచి పేరు లేదు. దానికి కారణమును దాచుట తగదు. పరదేశపు పాఠ్యక్రమము ననుసరించిన కళాశాలలు విద్యార్థులచేత గ్రీకు విగ్రహముల సున్నపు అచ్చులను, ఐరోపా చిత్రముల ప్రతులను ఏండ్లతరబడి గీయించినవి. 1896లో కలకత్తా కళాశాలకు వచ్చిన హావెల్ దొర, ఈ పాశ్చాత్య ప్రతులు భారతీయ విద్యార్థులకు సంకెలలని భావించి వానిని తొలగింప మొదలిడెను. చిత్రమేమన, దానిని ఎదిరించినవారు ఆ విద్యార్థులే. రణదాప్రసాద గుప్త 1897లో విడిపోయి జూబిలీ ఆర్ట్ అకాడమీని స్థాపించెను. వాస్తవిక రూపచిత్రణమున ఖ్యాతి గాంచిన హేమేన్ మజుందార్ అచటి విద్యార్థులలో నొకడు. ఒకరికి దాస్యముగా తోచినది మరియొకరికి అన్నముగా తోచినది. ఈ వాదమున రెండు పక్షములును మూలమేది యను ప్రశ్నపైననే నిలిచినవి. ప్రతి వేయువాడు ఏమి చేయుచున్నాడను ప్రశ్నకు రావలసినంతగా రాలేదు. మూలము పరదేశమున పుట్టినదైనంత మాత్రమున ప్రతి దాస్యమగునేని, నైషధమును చూచి తెనిగించిన శ్రీనాథుడు దాసుడు కావలసివచ్చును. దాసుడు కానిదియు తెనుగు చదువరులకు వేరుగ చెప్పవలసినది కాదు.

ప్రతిలోని విద్య ఎచట నున్నదో తాళపత్రములే చెప్పగలవు. లేఖకుడు తాను చూచినది చూచినట్లు వ్రాసితిననియు, తప్పు తనది కాదనియు గ్రంథాంతమున చెప్పుకొనుట పరిపాటి. పరిష్కర్త ఆ మాటను నమ్మడు. ఏ లేఖకునికి ఏ అక్షరము తడబడునో, ఎవడు తెలియని పదమును తెలిసిన పదముగ మార్చునో ఆ తప్పులవలననే కనిపెట్టును. చిత్రమునందును ప్రతికర్తను పట్టియిచ్చునది తప్పే. రెంబ్రాంట్ తన ముఖమును జీవితమంతయు చిత్రించుకొన్నవాడు. ఆయన కార్యశాలలో శిష్యులు ఆ స్వీయరూపచిత్రములనే చూచి ప్రతులు వేయుచు నేర్చిరి. కంఠకవచము ధరించిన యువకునిగ తన్ను చిత్రించుకొన్న రూపము రెండుచోట్ల కలదు: ఒకటి హేగ్ నగరపు మౌరిట్స్‌హౌస్ ప్రదర్శనశాలయందు, మరియొకటి జర్మనీలోని న్యూరెంబర్గున. చిరకాలము హేగ్ చిత్రమునే మూలముగ నెంచిరి. 20వ శతాబ్దము చివర పరారుణకిరణములతో పరీక్షింపగా దాని రంగుల క్రింద జాగ్రత్తతో గీచిన రేఖలు బయల్పడినవి. తనకు తోచిన రూపమును నేరుగ కుంచెతో వెదకువాని కట్టి రేఖలతో పని లేదు; ఉన్నదానిని తప్పక పట్టుకొనవలసినవానికే కావలెను. చేయి తిరిగిన శిష్యుని జాగ్రత్తయే అతనిని బయటపెట్టినది. న్యూరెంబర్గు చిత్రమే నేడు మూలముగ పరిగణింపబడుచున్నది. ఇంతకును ఆ శిష్యుడు చెడ్డపని చేసినవాడు కాడు. గురువు చెప్పిన పాఠమును చక్కగ నప్పగించినవాడు.

పని జరుగు క్రమమును కొంత వివరించుట అవసరము. మొదటిది కొలత. చతురస్రములు గీచి గడికి గడి ఎత్తివ్రాయుట సులభమార్గము. గడి గీచినచో చేయి తప్పదు; కన్ను నేర్వదు. దీనికంటె గుండు కట్టిన దారమును మూలచిత్రమునకు ఎదుట పట్టి, నొసటి నడిమినుండి దిగిన లంబము ముక్కును పెదవిని గడ్డమును ఎచటెచట తాకుచున్నదో, ఎచట తప్పుచున్నదో చూచుట మేలు. మన శిల్పశాస్త్రములు దీనినే బ్రహ్మసూత్రమనినవి. దాని కిరువైపుల దిగునవి పక్షసూత్రములు. ముఖము ఎదురుగ నున్నపుడు బ్రహ్మసూత్రము నట్టనడుమ దిగును. ముఖము ఓరకు తిరిగినకొలది ఒక పక్షము కుదియును, మరియొకటి విరియును. విష్ణుధర్మోత్తరమున చిత్రసూత్రము ఈ కుదింపు విరివిని క్షయవృద్ధులని పేర్కొని, రూపము నిలుచు తీరులను తొమ్మిదింటిని ఋజ్వాగతము మొదలుగ చెప్పినది. స్వీయరూపచిత్రములలో ముఖము నిండుగ ఎదురుగ నుండుట అరుదు. చిత్రకారుడు అద్దమును ఒకప్రక్కను, చిత్రమును ఒకప్రక్కను ఉంచుకొనుటచే తల కొంత తిరిగి కన్నులు మాత్రము వెనుకకు వచ్చును. ఈ మెలికను గుర్తింపని ప్రతికర్త తలను తిన్నగ చేసి కన్నులను ఓరగ వేయును. చిత్రము దొంగచూపు చూచును.

రెండవది వెలుగునీడల విభాగము. కన్నులు సగము మూసి చూచినచో చిన్నచిన్న వివరములు కరగి రెండు మూడు పెద్ద ముద్దలు మాత్రము నిలుచును. వాస్తవిక చిత్రణమునకు పునాది ఈ ముద్దలే. నేర్చువాడు కనురెప్పల వెండ్రుకలతో మొదలిడి ముఖమును పోగొట్టుకొనును. చిత్రసూత్రము నీడ తీర్చు విధానమునకు వర్తన యని పేరు పెట్టి పత్రజము, ఐరికము, బిందుజము అని మూడు భేదములను చెప్పినది: ఆకు ఈనెలవలె గీతలతో తీర్చునది, మిక్కిలి సన్నముగ తీర్చునది, చుక్కలతో తీర్చునది. ఇవి గోడచిత్రములకు తగినవి. తైలవర్ణమున నీడ రంగుల పొరలవలన ఏర్పడును. ఈ భేదమును మరచి, ప్రాచీనులు అన్నియు ముందే చెప్పిరనుట శాస్త్రమునకును చిత్రమునకును ఉపకారము కాదు.

ఆ పొరలనుగూర్చి ఒక నియమము కలదు: అడుగు పొరలలో నూనె తక్కువ, పై పొరలలో నూనె ఎక్కువ. అవిసెనూనె నీరువలె ఆవిరియై ఆరదు. గాలిలోని ప్రాణవాయువును గ్రహించి గట్టిపడును. అడుగున నూనె మిక్కుటమై పైపొర ముందారినచో, అడుగుపొర కదలికకు పైపొర పగులును. కావుననే టర్పెంటైనుతో పలుచన చేసిన గోధుమవన్నె మట్టిరంగున ముందు రూపమును నిలిపి, అది ఆరిన పిదప చిక్కని రంగులు వేయుదురు. ఆ మట్టిరంగు త్వరగా ఆరు స్వభావము కలది. దంతపు మసి ఆలస్యముగ నారును. మూలచిత్రమున ఏ పొర ఏ పొరపైన నున్నదో అంచులకడ, కుంచె ఆగినచోట, కన్ను పెట్టి చూచినచో కొంత తెలియును. స్వీడన్ చిత్రకారుడు ఆండర్స్ జోర్న్ 1896లో తన్ను తాను చిత్రించుకొనుచు చేతిలోని రంగుల పలకనుగూడ చూపెను. అందు తెలుపు, పసుపువన్నె మట్టిరంగు, ఇంగిలీకము, నలుపు కనబడును. నాలుగు రంగులతో మనుష్యచర్మము నంతటిని సాధింపవచ్చునని ఆ చిత్రమే చెప్పుచున్నది. పాఠ్యపుస్తకము లోపలనే పాఠమును దాచుకొన్న స్వీయరూపచిత్ర మది.

చర్మవర్ణము దగ్గర భారతీయ విద్యార్థి కొంత ఆగవలెను. ఐరోపా గ్రంథములు మాంసవర్ణమని చెప్పునది గులాబి కలసిన తెలుపు. దానిని ముదురు చేసినంత మాత్రమున మన చర్మము రాదు. మన చర్మమున వెలుగు పడినచోట చల్లని నీలిచ్ఛాయయు, నీడయందు ఎఱుపు కలసిన వెచ్చదనమును తరచుగ కనబడును. చిత్రసూత్రము గౌరవర్ణమున ఐదు, శ్యామవర్ణమున పండ్రెండు భేదములను లెక్కించుట ఇచట గమనింపదగినది. శ్యామమున నెక్కువ భేదములు చూచిన కన్ను అది. పారిసులో చదివినను అమృత ముఖము ఆ నగరపు మాంసవర్ణమున కొదిగినది కాదు. ఆమెను ప్రతి వేయు విద్యార్థి ఈ విషయమున ఐరోపా మూలములకంటె దగ్గరి గురువును పొందును.

కన్నులు చిట్టచివరి పని. అద్దమున రెండు కన్నులను ఒకేసారి చూచుట కుదరదు. ఎడమకన్నును వేయునపుడు చూపు ఎడమకంటిమీద, కుడికన్నును వేయునపుడు కుడికంటిమీద నుండును. ఆ రెండు చూపులను ఒక చూపుగ కుట్టుటయే స్వీయరూపచిత్రకారుని శ్రమ. ఆ కుట్టు కొద్దిగ కనబడినచోటనే ముఖమునకు ప్రాణము వచ్చినట్లుండును. దానిని సరిదిద్దిన ప్రతి అందముగ నుండును, చచ్చియుండును. కామసూత్రవ్యాఖ్యయైన జయమంగళయందు యశోధరుడు లెక్కించిన చిత్రషడంగములలో సాదృశ్యము ఐదవది. రూపభేదము, ప్రమాణము, భావము, లావణ్యయోజనము దానికి ముందు వచ్చును. అన్నిటికంటె వెనుక వర్ణికాభంగము. నేర్చువారు పోలికతో మొదలిడి దానితోనే ముగింతురు. ఈ క్రమము వారికి తలక్రిందుగ తోచును గాని, ప్రతి వేయ కూర్చున్నవానికి దాని న్యాయము వెంటనే బోధపడును.

ప్రమాదము లేకపోలేదు. చిత్రకారుడు తెలియకయే తన ముఖమును ఇతరుల ముఖములలో వేయునని లియొనార్డో హెచ్చరించెను. ప్రతియందు ఈ దోషము రెట్టింపగును: మూలకర్త ముఖమున ప్రతికర్త ముఖము చొరబడును. కొన్నాళ్ళు పనిచేసిన పిదప చెక్కిలి ఉబ్బినను, దవడ కుదిసినను, అది ఎవరి చెక్కిలియో ఎవరి దవడయో అద్దమున చూచికొన్నచో తేలును. మూలమును ప్రతిని ప్రక్కప్రక్కన అద్దమున తిరుగవేసి చూచుట ఈ దోషమునకు మందు. లియొనార్డోయే అద్దమును చిత్రకారునికి గురువనెను. మాళవికాగ్నిమిత్రమున, ముందు చిత్రమును చూచి పిదప మాళవికను ప్రత్యక్షముగ చూచిన రాజు, ఆమెను చిత్రించినవాడు శిథిలసమాధి యని తలచును. నైపుణ్యము చాలలేదని రాజు అనలేదు, ఏకాగ్రత సడలెననెను. ప్రతిలోని తప్పులలో నెక్కువపాలు ఈ జాతికి చెందినవే. ఉషాపరిణయకథలో చిత్రరేఖ లోకములోని రాకుమారుల నందరిని చూడకయే చిత్రించిన మాట వేరు; ఆమె యోగిని.

ఏ మూలమును చూచి ప్రతి వేయవలెనను ప్రశ్న మిగిలియున్నది. ఢిల్లీలో చదువువారికి ఈ విషయమున అదృష్టము కలదు. జయపుర భవనమున అమృత చిత్రములు గోడమీద నున్నవి. ఆమె 1934లో తాహితీ స్త్రీగ తన్ను భావించి వేసికొన్న స్వీయరూపచిత్రము ఢిల్లీలోనే 2010లో వెలసిన కిరణ్ నాడార్ కళాప్రదర్శనశాలకు చెందినది. అర్ధనగ్నమైన దేహము, వెనుకకు ముడిచిన కేశములు, వెనుక గోడపై పురుషుని నీడ: అందు ముఖమేకాక నడుమువరకు దేహమును, గొగాఁ చిత్రములను చదివిన యొక చిత్రకర్త్రి బుద్ధియును కలదు. గొగాఁకు ఆమె వేసినదియు నొకవిధమైన ప్రతియే. ఐతే ముఖము తనది. రూపచిత్రమునుండి దేహచిత్రమునకు పోవువారు దీనినే మెట్టుగ గ్రహింపవచ్చును.

తెలుగుదేశపు విద్యార్థికి దొరకునది తరచుగ అచ్చుబొమ్మయే. అచ్చున పరిమాణము పోవును, రంగు మారును, పొరలు ఒకే పొరయగును. అచ్చును చూచి కొలతను నేర్వవచ్చును, వెలుగునీడలను కొంత నేర్వవచ్చును, రంగును నేర్వరాదు. హైదరాబాదు నగరమున ఈ లోటు తీరవలసిన సందర్భ మొకటి తప్పిపోయినది. అమృత తన చిత్రములను అమ్మజూపుచు దేశమున తిరిగిన కాలమున నవాబు సాలార్‌జంగు వానిని త్రిప్పిపంపెను. మైసూరు మహారాజు ఆమెకు బదులు రవివర్మను కోరుకొనెను. నవాబుగారి సేకరణము ఆయన మరణానంతరము 1951లో ప్రజలకు తెరవబడినది. అందు ఐరోపా ప్రసిద్ధచిత్రముల ప్రతులు పెక్కు కలవు. ఐరోపా ప్రతులను కొనియుంచిన ఇంట, ఐరోపాలో చదివివచ్చిన భారతీయురాలి మూలములకు తావు దొరకలేదు. ఆ ప్రతులను వేసినవారు ఏమి నేర్చిరో మనకు తెలియదు గాని, వానిని నేడు చూచువాడు ప్రతికి ప్రతి వేయుచున్నాడని మరువరాదు; పాఠభేదములు రెండింతలగును.

ప్రతి ముగిసిన పిదప పాటింపవలసిన మర్యాదలు కొన్ని కలవు. పారిసులోని లూవ్ర్ ప్రదర్శనశాల తన గోడలకడ ప్రతులు వేయువారిని మూలము పరిమాణముననే వేయనీయదు. కొంత పెద్దదిగనో చిన్నదిగనో వేయవలెను. మూలకర్త సంతకమును ఎత్తివ్రాయరాదు. మన దేశమున 1972 నాటి చట్టము ననుసరించి అమృత చిత్రములు జాతీయకళానిధులు. వానిని దేశము దాటింపరాదు. గ్రంథస్వామ్యచట్టము చిత్రకారుని మరణానంతరము అరువదియేండ్లు రక్షణ మిచ్చును. ఆమె విషయమున ఆ గడువు 2001తో ముగిసినది. కనుక ప్రతి వేయుటకు చట్టము అడ్డు రాదు. మూలమని చెప్పి అమ్ముటకు మాత్రము వచ్చును. కాన్వాసు వెనుకవైపున మూలచిత్రము పేరు, మూలకర్త పేరు, అది యున్న తావు, తన పేరు, ప్రతి వేసిన తేదీ, మూలమును చూచి వేసినదో అచ్చును చూచి వేసినదో ఆ వివరము స్పష్టముగ వ్రాయవలెను. తాళపత్రలేఖకులు గ్రంథాంతమున సంవత్సరమును, తిథిని, ఊరిని, తమ పేరును వ్రాసియుంచినట్లే ఇదియు. ఆ రెండు పంక్తులు లేని ప్రతులు మన సంగ్రహములలో ఎన్నియో కలవు; వాని వెనుక గుడ్డ తెల్లగనే యున్నది.